ఇరవై ఐదో పిన్ను

"మీ కాలు కాస్త పక్కకి తీస్తారా?"

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అది. నేను మర్యాదస్తుణ్ణి కాబట్టి నా బూటు వైపు చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఆ కాలు కాదండీ బాబూ! అదిగో, ఆ కాలు!"

ఆమె చూపించిన వైపు మా కాలు ట్రాలీ మీద రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉంది. తొమ్మిది మీటర్ల పొడవు, రెండు టన్నుల బరువు. రాకెట్టు కాలు. దాని వెనక ఆమె లారీ ఆగిపోయింది. లారీ నిండా రబ్బరు దిమ్మలు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పసుప్పచ్చ హెల్మెట్ కింద నుంచి తప్పించుకున్న జుట్టుని పది సెకన్లకోసారి చెవి వెనక్కి తోసుకుంటూ ఆమె చిరాకు పడుతోంది. ఆ చిరాకు నాకు మహా నచ్చింది.

"ట్రాక్టర్ వస్తేగానీ ఇది కదలదండీ. అరగంట పడుతుంది."

"అరగంటా? వానలో తడిస్తే మా దిమ్మలు అతుక్కోవు! ఇంత పెద్ద కాలు కదా, నడిచి పక్కకి వెళ్ళలేదా?"

"మీకు అంతంత పెద్ద చేతులున్నాయిగా, ఎత్తి పక్కన పెట్టండి. ఊరికే గాల్లో ఊపుకుంటూ కూర్చోడమేగా వాటి పని!"

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఓహో. మీరు కాళ్ళవాళ్ళా?"

"మీరు చేతులవాళ్ళన్నమాట."

ఇద్దరం ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నాం. ట్రాక్టర్ వచ్చేలోపు ఇద్దరం బాగా తడిశాం.

మా గొడవేమిటో చెప్పాలి. మా కంపెనీ ఒక పెద్ద రాకెట్టు కడుతోంది. పదిహేనంతస్తుల ఎత్తు. దాని గొప్పతనమల్లా పైకి వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ కిందికి వచ్చేయడం. వచ్చి మళ్ళీ వెళ్ళడం, సిటీ బస్సులాగ. వెళ్ళడం పెద్ద కష్టం కాదు, వచ్చినదాన్ని నిలబెట్టడం దగ్గరే ఉంది తంటా అంతా. నాలుగు మడత కాళ్ళు పెడదాం, దిగే ముందు విప్పుకుని తన కాళ్ళ మీద తనే నిలబడుతుంది అన్నది మా జట్టు. అంత బరువు కాళ్ళు ఆకాశం దాకా మోసుకెళ్ళడం దండగ, టవర్‌కి రబ్బరు దిమ్మలు తొడిగిన రెండు ఇనప చేతులు బిగించి గాల్లోనే పట్టేసుకుందాం అన్నది వాళ్ళ జట్టు. కంపెనీ ఎటూ తేల్చుకోలేక రెండు జట్లనీ పోషిస్తోంది.

మా కాళ్ళ మీద దిగిన మొదటి రాకెట్టు పక్కకి ఒరిగి పేలిపోయింది. రెండోది గెంతి పడింది. ఇప్పుడు కడుతున్నదాన్ని అందరం "మూడోవాడు" అనేవాళ్ళం. మా డైరెక్టర్ మేడం అందర్నీ నిలబెట్టి ఒకటే మాట చెప్పేసింది. మూడోవాడు అర కిలోమీటరు పైకి లేచి, దిగి, సొంత కాళ్ళ మీద ఐదు నిమిషాలు నిలబడాలి. నిలబడితే కాళ్ళు ఉంటాయి. లేకపోతే కాళ్ళ జట్టు రద్దు, మాలో చాలామందిమి ఇంజన్లు పరీక్షించే ఇంకో సైటుకి పోవాలి. అది ఇక్కడికి ఎనిమిది గంటల దూరం. ఇక మూడోవాడు కూడా పడి పేలిపోయాడా, నాలుగోవాడు లేడు, ఈ ప్రాజెక్టే లేదు.

వానలో తడిసిన మర్నాడు క్యాంటీన్లో ఆమె నా ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. వేరే కుర్చీలు ఖాళీ లేవు మరి. ఆ తర్వాత రోజు చాలా ఖాళీ ఉన్నాయి. అయినా అక్కడే కూర్చుంది.

"మీ కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"దివ్యంగా ఉన్నాయి. మీ చేతులో?"

"ఖాళీగా ఉన్నాయి. మీవాడు పడిపోతే పట్టుకుందామని చూస్తున్నాయి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేముందండీ?"

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు పెద్దలు. చూసుకోండి, ఆఖరికి మీరే వచ్చి మమ్మల్ని బతిమాలతారు."

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న పెద్దమనిషి ఒకాయన పొలమారి దగ్గాడు. ఆయన ఆమె తండ్రి. ముప్పై ఏళ్ళు రేవులో క్రేన్ నడిపి, ఇప్పుడు ఈ ఇనప చేతులు నడిపేవాళ్ళకి మెళకువలు నేర్పుతున్నాడు. కూతురు ఆయన శిష్యురాలే. ఆయన ఎక్కువ మాట్లాడడు. ఎదుటివాళ్ళ చేతులు చూస్తూ కూర్చుంటాడు. నేను గ్లాసు పట్టుకున్నా, చెంచా పట్టుకున్నా చూస్తున్నాడని తెలిసి నాకు మింగుడు పడేది కాదు.

నా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో కాలికి ఆరు పిన్నులు. నేల మీద ఉన్నప్పుడు కాలు పొరపాటున విచ్చుకోకుండా ఆపేవి అవే. ప్రతి పిన్నుకీ మూరెడు ఎర్ర రిబ్బను వేలాడుతుంది, మరిచిపోకుండా. ఎగిరే రోజు పొద్దున్నే ఇరవై నాలుగూ పీకి, బోర్డు మీద ఇరవై నాలుగు కొక్కేలకి తగిలించాలి. బోర్డు నిండితే నేను సంతకం పెడతాను. ఒక్క పిన్ను మిగిలిపోయినా ఆ కాలు గాల్లో విచ్చుకోదు. అందుకే బోర్డు మా జట్టుకి దేవుడి పటం లాంటిది.

కాళ్ళు ఇంకా రాకెట్టుకి బిగించని రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. మొహం వేలాడేసుకుని ఉంది.

"టవర్ మీద మా క్యాబిన్ తలుపు గాలికి ఒకటే కొట్టుకుంటోందండీ. గడియ విరిగింది. మెయింటెనెన్స్‌కి రాసి పది రోజులైంది. ఆ దబదబలకి తలనొప్పి వస్తోంది. మీ దగ్గర ఏదైనా చీల లాంటిది ఉందా?"

నా దగ్గర చీలలు డబ్బాడున్నాయి. ఏదో ఒకటి ఇవ్వొచ్చు. నేను మాత్రం బోర్డు దగ్గరికి వెళ్ళి, ఇరవై నాలుగు పిన్నుల్లో మెరుస్తున్నదొకటి ఏరి ఎర్ర రిబ్బనుతో సహా ఆమె చేతిలో పెట్టాను.

"ఇది మీ లెక్కలోది కదా!"

"ఇంకోటి చేయించుకుంటాలెండి. ఎగరడానికి బోలెడు టైముంది."

ఆమె ఆ రిబ్బన్ని వేలికి చుట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను స్టోర్‌లో చెప్పి కొత్త పిన్ను చేయించుకున్నాను. రిబ్బను మాత్రం స్టాకు లేదన్నారు. మా అక్క బట్టలు కుడుతుంది, ఇంటికెళ్ళి దాన్ని అడిగాను.

"ఎర్ర రిబ్బనెందుకురా? ఎవరికి?"

"రాకెట్టుకక్కా."

"రాకెట్టుకి రిబ్బను కట్టడానికి నీ మొహంలో ఆ వెలుగేంట్రా?"

అంచులు మడిచి ముద్దుగా కుట్టి ఇచ్చింది. దాన్ని బోర్డుకి తగిలించి, ఆ సంగతే మరిచిపోయాను. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఎగిరే రోజు రానే వచ్చింది. తెల్లారగానే ట్రే పట్టుకుని మూడోవాడి కింద చేరాను. ఒకటో కాలు, ఆరు. రెండో కాలు, ఆరు. మూడో కాలి దగ్గర నాలుగు పీకి ఐదోదాని మీద చెయ్యి వేయబోతుండగా దూరంగా బంకర్‌కి వెళ్ళే బస్సు ఆగింది. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. అంతకు ముందెప్పుడూ ఊపలేదు. నేనూ ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఒక పిన్ను పీకి, నాలుగో కాలి దగ్గరికి వెళ్ళాను. ఇంతకీ పీకింది ఐదోదా, ఆరోదా అని నన్ను నేను అడగలేదు.

ట్రేలో ఉన్నవన్నీ బోర్డుకి తగిలించాను. ఇరవై నాలుగు కొక్కేలూ నిండాయి. సంతకం పెట్టేశాను.

రాకెట్టుకి మూడు కిలోమీటర్ల దూరంలో బంకర్. ఒక గదిలో మేం, పక్క గదిలో చేతులవాళ్ళు. టవర్ క్యాబిన్లో ఉన్నలాంటి లివరే అక్కడ వాళ్ళ బల్ల మీదా ఉంది. ఆ రోజు చేతులకి పనేమీ లేదు, టవర్ కెమెరాల్లో చూస్తూ కూర్చోవడమే. అందరి చెవుల్లోనూ ఒకటే మైకు లైను. లెక్క ముప్పై దాటింది, ఇరవై దాటింది.

పదకొండు దగ్గర మైకులో ఆమె గొంతు. "హోల్డ్! హోల్డ్! చేతుల బల్ల నుంచి, హోల్డ్!"

మా దగ్గర ఎవరైనా హోల్డ్ చెప్పొచ్చు, చెప్పినవాళ్ళని ఎవరూ తిట్టకూడదు. అది నియమం. లెక్క ఆగిపోయింది. నా బుర్ర కూడా అక్కడే ఆగిపోయినట్టుంది. మైకు బటన్ నొక్కి అనేశాను.

"అనుకుంటూనే ఉన్నాను! మేం గెలవడం చేతులవాళ్ళకి ఇష్టం లేదు. ఏదో ఒక పుల్ల పెడతారని నాకు తెలుసు!"

నూట ఇరవై మంది విన్నారు. తర్వాత ఆమె గొంతు, మెల్లగా, అక్షరం అక్షరం విడదీసి.

"మూడో కాలు. పైనుంచి రెండో కీలు దగ్గర ఎర్ర రిబ్బను ఎగురుతోంది. ఒక్కసారి తెర మీద చూడండి."

చూశాను. అంచులు మడిచి కుట్టిన రిబ్బను గాలికి కులాసాగా ఊగుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజుకి ఎగరడం రద్దు. మధ్యాహ్నం రెండింటికి ఎంక్వైరీ. మా డైరెక్టర్ మేడంకి చాటున మేం పెట్టుకున్న పేరు "ఎందుకమ్మ". ఏ తప్పు జరిగినా ఐదుసార్లు ఎందుకని అడిగితే అసలు కారణం దొరుకుతుందని ఆవిడ నమ్మకం. ఫారంలో ఐదు గడులుంటాయి. ఐదో గడి కింద "మూలకారణం" అని ఉంటుంది. బల్లకి అటు పది మంది, ఇటు నేను. సాక్షిగా ఆమె, ఆమె పక్కన తండ్రి.

"చెప్పవయ్యా. మూడో కాల్లో పిన్ను ఎందుకు మిగిలింది?"

"పీకడం మరిచిపోయాను మేడం. లెక్క తప్పింది." లెక్క ఎవరి వల్ల తప్పిందో చెప్పలేదు. చెయ్యి ఊపడం ఆమె తప్పు కాదు.

"ఒకటి. బోర్డు మీద కొక్కెం ఖాళీగా కనపడాలి కదా? ఎందుకు కనపడలేదు?"

"ఇరవై ఐదో పిన్ను ఒకటుంది మేడం. దాంతో నిండిపోయింది. ట్రే తీసుకునేటప్పుడు అడుగున చూసుకోలేదు. అది అందులోకి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలీదు."

"నేనే పెట్టాను మేడం," అందామె. తల వంచుకునే ఉంది. "నిన్న సాయంత్రం. ఆయన దగ్గర తీసుకున్నది, ఎగిరే ముందు తిరిగి ఇచ్చేయాలి కదా అని ట్రేలో వేశాను. ఆయన అక్కడ లేరు. ఇంకోటి చేయించేశారని నాకు గుర్తు లేదు."

"ఆగమ్మా, నీ దగ్గరికీ వస్తాను. రెండు. అసలు ఇరవై ఐదోది ఎందుకు పుట్టింది?"

"ఉన్నదాంట్లో ఒకటి ఆవిడకిచ్చి, కొత్తది చేయించాను మేడం."

"మూడు. ఎందుకిచ్చావు?"

"ఆవిడ క్యాబిన్ తలుపు గాలికి కొట్టుకుంటోందని."

"నాలుగు." మేడం కలం ఐదో గడి మీద ఆగింది. "తలుపు చూసుకోడానికి మెయింటెనెన్స్ ఉంది. చీలలు కావాలంటే డబ్బాడున్నాయి. ఎగిరే రాకెట్టు పిన్ను, ఎర్ర రిబ్బనుతో సహా, ఎందుకిచ్చావు?"

నేను బల్ల వైపు చూశాను. కప్పు వైపు చూశాను. అబద్ధం చెబితే రాకెట్టు పేలే ఉద్యోగం మాది. గొంతు సవరించుకున్నాను.

"ఆవిడంటే నాకిష్టం మేడం. నా దగ్గర ఉన్నవాటిలో మంచిది ఇవ్వాలనిపించింది."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పది మందీ ఒక్కసారిగా. ఆమె తండ్రి ఒక్కడే నవ్వలేదు. బల్ల మీద నా చేతులు చూస్తున్నాడు.

మేడం మాత్రం తొణక్కుండా రాసుకుంది. "మూలకారణం, వ్యక్తిగతం. సవరణ, పిన్నులకి నంబర్లు చెక్కించాలి. ఈసారి ఎగిరేదాకా నువ్వు కాళ్ళు ముట్టుకోకు. వెనక వరసలో కూర్చుని చూడు, చాలు." తర్వాత ఆమె వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. తిరిగి ఇచ్చేదానివి చేతికివ్వక, ఆయన లేనప్పుడు ట్రేలో ఎందుకు వేశావు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఐదు ఎందుకులూ ఆయనతో అయిపోయాయి కదా మేడం," అంది.

బయట వరండాలో పరిగెత్తి పట్టుకున్నాను.

"ఏమండీ..."

"ఇష్టమని ఎంక్వైరీలో చెప్పారు. సంతోషం. మైకులో ఏమన్నారో గుర్తుందా?"

"నోరు జారాను. తప్పు నాదే. క్షమించండి."

"రిబ్బను కనిపించగానే నాకేమనిపించిందో తెలుసా?" ఆమె కళ్ళలో నీళ్ళు. "ఊరుకుంటే చాలు, మేం గెలిచేస్తాం అనిపించింది. ఒక్క సెకనే. ఆ ఒక్క సెకనుకే నా మీద నాకు అసహ్యమేసింది. వెంటనే బటన్ నొక్కాను. మీరేమో నూట ఇరవై మందిలో నన్ను అలా అన్నారు. నేను చేసింది మంచి పనే అని ఒక్కరికైనా తెలియాలి కదా. ఆ ఒక్కరు మీరవుతారనుకున్నాను."

ఆమె వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అక్కకి చెబితే కుట్టు మెషిన్ ఆపి నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, ఎవరైనా ముందు ప్రేమించానని చెప్పి, పెళ్ళయ్యాక పోట్లాడతారు. నువ్వేమో ముందు మైకులో తిట్టి, తర్వాత ఎంక్వైరీలో ప్రేమించావు. నీకు వరసా వావీ ఏమైనా తెలుసా?"

"ఇప్పుడేం చేయమంటావక్కా?"

"నోటితో పోగొట్టుకున్నది నోటితో రాదు. ఏదైనా మంచి పని చెయ్యి. చేసి ఊరుకో."

ఏం చేయగలను? కాళ్ళు కూడా ముట్టుకోనివ్వడం లేదు. నాలుగు రోజులు క్యాంటీన్లో ఆమె వేరే బల్ల దగ్గర కూర్చుంది. ఖాళీ కుర్చీ నాకెదురుగా కూర్చుంది.

ఐదో రోజు మూడోవాడు ఎగిరాడు.

నేను వెనక వరసలో, చిన్న తెర ముందు. పన్నెండు ఇంజన్లు ఒక్కసారి గర్జించేసరికి బంకర్ అద్దాలు గలగలమన్నాయి. లేచాడు. అర కిలోమీటరు ఎత్తులో ఒక్క క్షణం నిలబడి కిందికి చూసుకున్నట్టు ఆగాడు. దిగడం మొదలుపెట్టాడు. నాలుగు కాళ్ళూ విచ్చుకున్నాయి. ధూళి లేచింది. ధూళి తగ్గేసరికి వలయం మధ్యలో, టవర్ పక్కనే, నిటారుగా నిలబడి ఉన్నాడు!

బంకర్ అదిరిపోయింది. మా జట్టు పెద్ద, నాకు పని నేర్పిన గురువుగారు, కుర్చీ ఎక్కి చప్పట్లు కొడుతున్నాడు. ఐదు నిమిషాల గడియారం మొదలైంది.

నేను చప్పట్లు కొట్టలేదు. నా చిన్న తెర మీద ఒక అంకె చూస్తున్నాను. రెండో కాల్లో నూనె ఒత్తిడి. రెండు వందలు ఉండాల్సింది నూట అరవై ఉంది. చూస్తుండగానే నూట యాభై అయింది. ఎక్కడో కారుతోంది. వంద కంటే తగ్గితే కాలు వంగుతుంది. ఒక నిమిషం గడిచింది. నూట ముప్పై ఎనిమిది.

"గురువుగారూ, రెండో కాలు చూశారా?"

ఆయన చూశాడు. మొహం తెల్లబోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "చూశానురా. ఐదు నిమిషాలు ఆగుతుందేమో. ఆగితే పాసవుతాం. తర్వాత చూసుకుందాం."

"ఆగకపోతే?"

ముప్పై మంది ఉద్యోగాలు ఆయన మొహంలో కనిపించాయి. నాది కూడా. నూట ఇరవై ఆరు. తెర మీద మూడోవాడు నిటారుగానే ఉన్నాడు, ఎవరికీ ఏమీ తెలియదు. ఊరుకుంటే చాలు అనిపించింది. సరిగ్గా ఆమెకి తట్టిన మాటే నాకూ తట్టింది. ఊరుకుంటే పాసైపోవచ్చు. ఈ ఊళ్ళోనే ఉండొచ్చు, ఆ క్యాంటీన్లోనే కూర్చోవచ్చు. ఇనప చేతులు తిరిగి రాకెట్టు దాకా రావడానికి రెండు నిమిషాలు పడుతుందని నాకు తెలుసు. మూడో నిమిషం దాటాక చెప్పినా, చెప్పకపోయినా ఒకటే.

రెండు నిమిషాల పది సెకన్లు. మైకు బటన్ నొక్కాను.

"కాళ్ళ జట్టు నుంచి మాట్లాడుతున్నాను. రెండో కాలు నిలవదు. నూనె కారిపోతోంది. చేతుల బల్ల, దయచేసి మూడోవాణ్ణి పట్టుకోండి."

చేతులు ముట్టుకుంటే మా పరీక్ష తప్పినట్టే. అది అందరికీ తెలుసు. మేడం గొంతు వినిపించింది. "ఖాయమేనా?"

"ఖాయం మేడం. అంకె నా కళ్ళ ముందే పడిపోతోంది. చేతుల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మాట నమ్మొచ్చని కూడా నాకు తెలుసు. ఆ రోజే తెలియాల్సింది. ఆవిడ పట్టుకోగలరు."

"చేతులు కదులుతున్నాయి," అంది ఆమె గొంతు.

టవర్ మీద రెండు ఇనప చేతులు నిద్రలేచినట్టు తిరగసాగాయి. నేను అంకెలు చదువుతున్నాను. నూట పదహారు. నూట పది. ఆమె దూరం చదువుతోంది. పన్నెండు మీటర్లు. ఎనిమిది. నూట నాలుగు. ఐదు మీటర్లు. తొంభై తొమ్మిది.

కాలు వంగింది. పదిహేనంతస్తుల రాకెట్టు మెల్లగా, ఎంతో మెల్లగా పక్కకి వాలింది. ఎవరో పెద్దగా అరిచారు. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకోవాలని మాత్రం ఉంది.

రబ్బరు దిమ్మలు మూడోవాడి భుజాల కింద మెత్తగా ఆనుకున్నాయి. వాలడం ఆగింది.

"పట్టుకున్నాను," అంది ఆమె. "మీవాణ్ణి పట్టుకున్నాను."

గడియారం నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు చూపిస్తోంది. కాళ్ళు ఓడిపోయాయి. గురువుగారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టలేదు. "నేను చెప్పాల్సిన మాట నువ్వు చెప్పావురా," అని బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ వారంలోనే కాళ్ళ జట్టు రద్దయింది. మూడోవాడు బతికాడు కాబట్టి ప్రాజెక్టు నిలిచింది. ఇకనుంచి చేతులే. గురువుగారూ మరికొందరూ ఇంజన్ల సైటుకి బయల్దేరుతున్నారు. నా పేరు కూడా ఆ జాబితాలోనే ఉంది. పెట్టె సర్దుకుంటుంటే కబురొచ్చింది. చేతుల ఆపరేటర్ ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది, కావాలంటే పరీక్షకి రమ్మని. పరీక్ష పెట్టేది ఆమె తండ్రి.

టవర్ మెట్లు నాలుగు వందల పన్నెండు. ఆయాసపడుతూ క్యాబిన్‌లో అడుగుపెట్టాను. పెద్దాయన కుర్చీ చూపించాడు.

"కూర్చో బాబూ. ఇదిగో లివర్. ఖాళీ చేతులే, రాకెట్టు లేదు. ఒక నిమిషం కదలకుండా పట్టుకో. ఆ గీత దాటకూడదు. మా పనంతా ఇదే."

పట్టుకున్నాను. తెర మీద గీత దారం గీసినట్టు తిన్నగా ఉంది. ముప్పై సెకన్లు గడిచాయి. పెద్దాయన తల ఊపుతున్నాడు. ఇక ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంటుండగా మెట్ల మీద చప్పుడైంది. ఆమె లోపలికి వచ్చి తండ్రి పక్కన నిలబడింది. జుట్టుని చెవి వెనక్కి తోసుకుని నా వైపు చూసింది, అంతే.

గీత కొండలూ లోయలూ అయిపోయింది.

"వణుకుతోందే," అన్నాడు పెద్దాయన.

"ఎత్తు చూసి కాదండీ."

"తెలుసయ్యా. ఎంక్వైరీ రోజు కూడా బల్ల మీద నీ చేతులు ఇలాగే వణికాయి. నిజం చెప్పేటప్పుడు కొందరికి వణుకుతాయి." ఆయన కలం తీసి కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఆపరేటర్‌గా నువ్వు పనికిరావు. ఈ లివర్ నీకిస్తే రాకెట్టు నాట్యమాడుతుంది."

నా గుండె నాలుగు వందల పన్నెండు మెట్లూ దిగిపోయింది.

"కానీ మా రబ్బరు దిమ్మల వెనక నూనె సిలిండర్లు పెట్టాలంటున్నారు మేడం. వాలిన బరువు తీసుకోడానికి. అవి చేయడం కాళ్ళు చేసినవాళ్ళకే వచ్చు. ఆ పని నీకిమ్మని నేనే రాశాను. సోమవారం నుంచి రా. ఇంకో సంగతి, ఆదివారం మీ అక్కని తీసుకుని ఇంటికి రా. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటాం."

"నాన్నా!" అందామె. "నేనింకా ఏమీ చెప్పందే?"

"చెప్పలేదా? ఆ గీత చూడు మరి."

ముగ్గురం తెర వంక చూశాం. గీత మళ్ళీ తిన్నగా ఉంది. నేను లివర్ వంక చూసుకున్నాను. వణుకుతున్న నా చేతి మీద ఆమె చెయ్యి ఉంది. ఎప్పుడు పెట్టిందో నాకూ తెలీదు, ఆమెకీ తెలిసినట్టు లేదు.

"కోపం పోయిందా?" అన్నాను.

"పోలేదు. కొంచెం ఉంది." చెయ్యి మాత్రం తీయలేదు. "నువ్వంటే ఇష్టం ఉంది, అది చాలా ఉంది."

నన్ను మొదటిసారి నువ్వు అంది. పెద్దాయన గొంతు సవరించుకుని, టీ తాగొస్తానంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.